రైడ్ పాతదైతే ప్రమాదమేనా? పార్కు ఏడాదంతా తెరిస్తే ఏమవుతుంది? థీమ్ పార్కుల వెనుక అసలు లెక్క ఇదీ!

జహీరాబాద్: వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి... సెలవు ఏదైనా పిల్లల డిమాండ్ ఒక్కటే. వండర్‌లా పోదాం, లేదంటే ఫిల్మ్ సిటీ పోదాం! జహీరాబాద్ నుంచి అయితే ముంబై హైవే పట్టుకుని పటాన్‌చెరు దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కాలి. రావిర్యాల చేరేసరికి వంద కిలోమీటర్లు దాటిపోతుంది. టికెట్లు, పెట్రోల్, భోజనాలు కలిపితే ఒక ఫ్యామిలీకి వేలల్లోనే ఖర్చు. అంత ఖర్చు పెట్టి వెళ్లాక గేటు దగ్గర "ఈ రైడ్ మెయింటెనెన్స్‌లో ఉంది" అనే బోర్డు కనిపిస్తే ఎవరికైనా చిరాకే.

కానీ ఆ బోర్డు మంచికే అంటే నమ్ముతారా? అసలు రైడ్స్ ఎందుకు పాతబడతాయి? పాతవాటిని ఏం చేస్తారు? పార్కును ఎక్కువ రోజులు తెరిచి ఉంచాలంటే అడ్డం వచ్చేది ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

రైడ్ వయసు ఏళ్లలో కాదు, రౌండ్లలో

ట్రాక్టర్ ఉన్న ఇంట్లో ఈ విషయం చెప్పక్కర్లేదు. ట్రాక్టర్‌ను ఏ ఏడాది కొన్నామన్నది ఒక లెక్క. అవర్ మీటర్ ఎంత తిరిగిందన్నది అసలు లెక్క. సర్వీసింగ్ కూడా గంటలను బట్టే చేయిస్తారు. రైడ్ కూడా అంతే.

ఉదాహరణకు ఒక రైడ్ గంటకు 15 రౌండ్లు వేస్తుందనుకుందాం. రోజుకు 8 గంటలు నడిస్తే 120 రౌండ్లు. ఏడాదికి 300 రోజులు నడిస్తే 36,000. పదేళ్లకు 3,60,000 రౌండ్లు. ప్రతి రౌండ్‌లోనూ ఇనుము ఒకసారి బరువు మోస్తుంది, మళ్లీ వదులవుతుంది. బైండింగ్ వైరును ఒకసారి వంచితే ఏమీ కాదు. అదే చోట అటూ ఇటూ పది, ఇరవై సార్లు వంచి చూడండి... టక్కున విరుగుతుంది. దీన్నే ఇంజినీర్లు మెటల్ ఫెటీగ్ అంటారు. మోసే బరువు పెద్దగా లేకపోయినా, లక్షల సార్లు అదే పని చేయడం వల్ల లోహం లోపల వెంట్రుకవాసి పగులు పుడుతుంది. అది మెల్లగా పెరుగుతుంది. చివరి రోజు వరకూ బయటికి ఏమీ తెలియదు. అసలు భయం ఇక్కడే.

ముందుగా దెబ్బతినేవి ఇవే

రైడ్ మొత్తం ఒకేసారి పాతబడదు. ఒక్కో భాగం ఒక్కో స్పీడ్‌లో అరుగుతుంది.

- వెల్డింగ్ జాయింట్లు: పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. పైన కొత్త పెయింట్ వేస్తే పగులు కనిపించకుండా పోయే ప్రమాదం కూడా ఉంది.
- పిన్నులు, నట్లు, బోల్టులు: కదలికకు వదులవుతాయి. వీటిని ఎంత బిగించాలో కూడా ఒక కొలత ఉంటుంది. తక్కువైతే ఊడిపోతాయి, ఎక్కువైతే తెగుతాయి.
- బేరింగులు, చక్రాలు: రోలర్ కోస్టర్ చక్రాలకు పాలీయురేథేన్ పూత ఉంటుంది. ఎండ, వేగం, బరువుకు అది అరిగిపోతుంది. అందుకే వీటిని తరచూ మారుస్తుంటారు.
- సీటు లాకులు, సేఫ్టీ బార్లు: రోజుకు వందల సార్లు తెరిచి మూసేవి ఇవే. ప్రాణం నిలిచేది కూడా వీటి మీదే.
- కంట్రోల్ సిస్టం: సెన్సర్లు, వైరింగ్, కంప్యూటర్ ప్యానెల్. ఇనుము బాగానే ఉన్నా, పాత ప్యానెల్‌కు విడిభాగాలు దొరకక రైడ్ మూలన పడే సందర్భాలు ఉంటాయి.

వాటర్ పార్కుల్లో మరో తలనొప్పి. నీళ్లు, క్లోరిన్ కలిస్తే తుప్పు త్వరగా పడుతుంది. ఫైబర్ స్లైడ్‌లు ఎండకు పేలిపోయి గరుకుగా మారతాయి. వీపు గీసుకుపోయిందని పిల్లలు చెప్పేది చాలాసార్లు ఈ కారణంతోనే.

ప్రమాదాలు నేర్పిన పాఠం

2018 మే 27. అనంతపురంలోని ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టి ఊడి కింద పడింది. పదేళ్ల బాలిక చనిపోయింది. బోల్టు వదులుగా ఉందని చెప్పినా పట్టించుకోలేదని అప్పట్లో ఆరోపణలు వచ్చాయి.

2019 జులై 14. అహ్మదాబాద్‌లోని కాంకరియా దగ్గర పెండ్యులం రైడ్ గాల్లో ఉండగానే విరిగిపడింది. ఇద్దరు మరణించారు. 25 మందికి పైగా గాయపడ్డారు.

2022 సెప్టెంబర్‌లో పంజాబ్‌లోని మొహాలీలో డ్రాప్ టవర్ ఎత్తు నుంచి ఒక్కసారిగా నేలను ఢీకొట్టింది. పలువురు గాయపడ్డారు.

2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్‌లో ఒక రైడ్ తలకిందులుగా ఆగిపోయింది. ఎక్కినవాళ్లు దాదాపు 25 నిమిషాలు అలాగే వేలాడారు. అదే ఏడాది మే నెలలో చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్‌లోని ఒక పార్కులో 30 మందికి పైగా గాల్లోనే గంటల తరబడి చిక్కుకుపోయారు. ఫైర్ సిబ్బంది వచ్చి దించారు. ఈ రెండు ఘటనల్లో ప్రాణాలు పోలేదు.

గమనిస్తే ఇందులో రెండు రకాలు ఉన్నాయి. రైడ్ ఆగిపోవడం వేరు, విరిగిపోవడం వేరు. ఏదైనా తేడా కనిపించగానే తనంతట తానే ఆగిపోయేలా రైడ్‌ను డిజైన్ చేస్తారు. సెన్సర్‌కు అనుమానం వస్తే చాలు, బ్రేక్ పడుతుంది. అంటే ఆగిపోయిన ప్రతి రైడ్ ప్రమాదం కాదు. అయితే ఆగాక జనాన్ని ఎంతసేపట్లో, ఎలా దించుతారన్న ప్లాన్ ఉండాలి. విరిగిపోవడం మాత్రం పూర్తిగా వేరే కథ. అది చాలా రోజుల ముందే మొదలై ఉంటుంది. ఎవరో ఒకరు చూసి పట్టుకోవాల్సింది.

పాత రైడ్ అంటే పారేయాల్సిందేనా?

అస్సలు కాదు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో టివోలి అనే పార్కు ఉంది. అందులో చెక్క రోలర్ కోస్టర్ 1914 నుంచి నడుస్తోంది. వందేళ్లు దాటినా ఇప్పటికీ జనం ఎక్కుతున్నారు. ప్రతి రైలులో బ్రేక్ వేయడానికి ఒక ఉద్యోగి కూర్చుంటాడు. అమెరికాలోని డిస్నీల్యాండ్‌లో మ్యాటర్‌హార్న్ రైడ్ 1959 నాటిది. అదీ నడుస్తోంది. వయసు ఒక్కటే సమస్య కాదని ఇవి చెబుతున్నాయి. అరిగిన ప్రతి భాగాన్నీ టైమ్‌కు మారుస్తూ పోతే, చివరికి పేరు పాతదే ఉంటుంది, లోపలి సామాను కొత్తదవుతుంది.

పాత రైడ్‌ను బాగు చేయడానికి పార్కుల దగ్గర ఉన్న దారులు ఇవి.

మొదటిది, భాగాలు మార్చడం. రైడ్‌ను పూర్తిగా విప్పి, పెయింట్ గీకేసి, కంటికి కనిపించని పగుళ్లను పట్టుకుంటారు. దీనికి రంగు ద్రావణం పూసి చూసే పద్ధతి, అయస్కాంత పొడితో చేసే టెస్ట్, అల్ట్రాసౌండ్ టెస్ట్ లాంటివి వాడతారు. కడుపులో బిడ్డను స్కానింగ్‌లో చూసినట్టే, ఇనుము లోపల ఏముందో చూస్తారన్నమాట.

రెండోది, మెదడు మార్చడం. ఇనుము అలాగే ఉంచి కొత్త కంట్రోల్ ప్యానెల్, కొత్త సెన్సర్లు, కొత్త సీట్ లాకులు పెడతారు.

మూడోది, పట్టాలే మార్చేయడం. డిస్నీల్యాండ్‌లో స్పేస్ మౌంటెన్‌ను 2003లో మూసి, ట్రాక్ మొత్తం కొత్తది వేసి 2005లో తెరిచారు. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో నెమెసిస్ అనే కోస్టర్ 1994లో మొదలైంది. 2022 చివర్లో దాన్ని ఆపేశారు. ట్రాక్ మార్చి, పాత రూట్‌నే ఉంచి, 2024 మార్చిలో కొత్త పేరుతో మళ్లీ తెరిచారు. అంటే ఒక హిట్ రైడ్‌ను ఏడాదికి పైగా మూసి ఉంచారు! ఆ ఓపిక లేకపోతే ఈ పని జరగదు.

నాలుగోది, చెక్క కోస్టర్‌కు స్టీల్ ట్రాక్ వేయడం. టెక్సస్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సస్ పార్కు 2011లో ఇదే చేసింది. కుదుపులతో విసిగించే పాత రైడ్ అక్కడ మళ్లీ హిట్టయింది.

ఐదోది, రిటైర్ చేయడం. రిపేర్ ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరైతే, లేదా విడిభాగాలు దొరకకపోతే తీసేయడమే మేలు.

మన దగ్గర సీజన్ లెక్క వేరు

యూరప్‌లో పార్కులకు శత్రువు చలి. మనకు మాత్రం వాన.

టివోలినే చూడండి. 1843లో మొదలైన ఆ పార్కు చాలా ఏళ్లు వేసవికే పరిమితం. 1994లో క్రిస్మస్ సీజన్ మొదలుపెట్టారు. 2006లో హాలోవీన్ కూడా కలిపారు. మూసి ఉంచే నెలల్లో లైట్లు, మార్కెట్లు, తిండి స్టాళ్లు పెట్టి జనాన్ని రప్పించారు.

హైదరాబాద్ పార్కులు అధికారికంగా ఏడాదంతా తెరిచే ఉంటాయి. కానీ జనం ఏడాదంతా రారు. ఏప్రిల్, మే నెలల్లో వాటర్ రైడ్స్ దగ్గర తోపులాట. దసరా, క్రిస్మస్, సంక్రాంతికి మళ్లీ రష్. జూన్‌లో స్కూళ్లు తెరుస్తారు, వానలు మొదలవుతాయి. ఇక సెప్టెంబర్ దాకా మామూలు రోజుల్లో పార్కు ఖాళీగా కనిపిస్తుంది. కాబట్టి మన దగ్గర సీజన్ పొడిగించడం అంటే గేటు తెరవడం కాదు, ఈ ఖాళీ నెలలను నింపడం.

దానికి పార్కులు వాడే ట్రిక్కులు కొన్ని ఉన్నాయి.

- పైకప్పు ఉన్న రైడ్స్ పెంచడం. వానొచ్చినా ఆగవు. హైదరాబాద్‌లో 2004లో మొదలైన స్నో వరల్డ్ ఇలాంటిదే. బయట వాతావరణంతో దానికి సంబంధం లేదు.
- సాయంత్రం వేళలు పెంచడం. మే నెలలో మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో క్యూలో నిలబడేదెవరు? లైటింగ్ పెట్టి రాత్రి దాకా తెరిస్తే అదే జనం హాయిగా తిరుగుతారు.
- పండగలు, ఈవెంట్లు. రామోజీ ఫిల్మ్ సిటీ శీతాకాలంలో వింటర్ ఫెస్ట్, వేసవిలో కార్నివాల్ నడపడం వెనుక ఉన్న ఐడియా ఇదే. రైడ్ కొత్తది కాకపోయినా రావడానికి కొత్త కారణం దొరుకుతుంది.
- వానాకాలంలో స్కూల్, కాలేజీ ట్రిప్పులకు, మామూలు రోజులకు తక్కువ రేట్లు.

టికెట్ మీద పన్ను భారం కూడా చిన్నదేమీ కాదు. జీఎస్టీ వచ్చిన 2017లో అమ్యూజ్‌మెంట్ పార్కుల టికెట్‌పై 28 శాతం వేశారు. 2018 జనవరి 25 నుంచి దాన్ని 18 శాతానికి తగ్గించారు.

అసలు చిక్కు ఇక్కడే!

ఇప్పుడు రెండు విషయాలనూ కలిపి చూడండి. పార్కు తెరిచే రోజులు పెరిగితే రైడ్ తిరిగే రౌండ్లు పెరుగుతాయి. అదే సమయంలో రిపేర్‌కు దొరికే రోజులు తగ్గుతాయి. పైన చెప్పిన లెక్కలోనే 300 రోజులు కాస్తా 345 అయితే, ఏడాదికి 36,000 రౌండ్లు 41,400 అవుతాయి. అంటే 15 శాతం అదనపు అరుగుదల. పదేళ్లలో రావాల్సిన అరుగుదల తొమ్మిదేళ్లు నిండకముందే వచ్చేస్తుంది.

జహీరాబాద్ వైపు చెరకు రైతులకు ఇది బాగా తెలుసు. షుగర్ ఫ్యాక్టరీ క్రషింగ్ సీజన్‌లో రాత్రింబవళ్లు నడుస్తుంది. సీజన్ అయిపోగానే మెషీన్లు విప్పి ఓవర్‌హాలింగ్ చేస్తారు. ఆ గ్యాప్ లేకుండా ఏడాదంతా నడిపితే మిల్లు మధ్యలో ఆగుతుంది, బండ్ల మీద చెరకు ఎండుతుంది. చలి దేశాల పార్కులకు శీతాకాలం సరిగ్గా అలాంటి గ్యాప్. రైళ్లను ఊడదీసి, ప్రతి భాగాన్నీ టెస్ట్ చేసి, వసంతంలో మళ్లీ బిగిస్తారు. ఏడాదంతా తెరిచే పార్కులకు ఆ గ్యాప్ దానంతటది రాదు. కావాలని పెట్టుకోవాలి.

ఎలా? ఒకేసారి పార్కు మూయకుండా వంతులవారీగా రైడ్స్ ఆపడం ఒక దారి. రష్ లేని జులై, ఆగస్టులో పెద్ద రైడ్స్ రిపేర్, వానలు తగ్గాక వాటర్ స్లైడ్‌ల పని. వానాకాలంలో ఈ పని ఎలాగూ సులువే. ఎందుకంటే ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులు ఉంటే ఎత్తైన రైడ్స్‌ను ఆపేయాల్సిందే. తడి పట్టాల మీద బ్రేక్ పట్టే తీరు కూడా మారుతుంది. మరో దారి, రాత్రి షిఫ్టులో మెయింటెనెన్స్. కానీ సాయంత్రం వేళలు కూడా పొడిగిస్తే ఆ రాత్రి టైమ్ కూడా కరిగిపోతుంది. అప్పుడు టెక్నీషియన్లను పెంచాలి. ఉన్నవాళ్లతోనే లాగిస్తే అలసిపోయేది ఇనుము ఒక్కటే కాదు, మనుషులు కూడా.

2016 ఏప్రిల్‌లో రావిర్యాలలో తెరిచిన వండర్‌లా దాదాపు పదేళ్ల వయసుకు వచ్చింది. నగర శివార్లలో అంతకంటే పాత పార్కులు కూడా ఉన్నాయి. ఏ పార్కుకైనా పదేళ్లు ఒక మలుపు. కొత్త రైడ్‌కు పెట్టే డబ్బు పోస్టర్‌లో కనిపిస్తుంది. బేరింగ్ మార్చిన ఖర్చు ఎక్కడా కనిపించదు. యాజమాన్యాలకు అసలు పరీక్ష ఇదే. ముంబైలో 1989లో మొదలై ఒక తరాన్ని ఊపేసిన ఎస్సెల్ వరల్డ్ 2022లో మూతపడింది. పార్కుకు పేరు రావడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు.

జాతర రైడ్స్ సంగతేంటి?

జహీరాబాద్ ప్రాంతంలో ఎక్కువమంది పిల్లలు మొదట ఎక్కేది వండర్‌లా రోలర్ కోస్టర్ కాదు. ఊరి జాతరలో జెయింట్ వీల్, రంగులరాట్నం. ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వర స్వామి సన్నిధిలో శివరాత్రి లాంటి పెద్ద జాతరలు, పట్టణాల్లో ఎగ్జిబిషన్లు... ఇలాంటి చోట్లకు రైడ్స్ లారీల్లో వస్తాయి, లారీల్లో పోతాయి.

వీటికి రిస్క్ వేరు. ప్రతి ఊళ్లో బిగించాలి, మళ్లీ విప్పాలి. ప్రతిసారీ పిన్నులు, బోల్టులు అరుగుతాయి. నేల గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అన్నది కూడా ముఖ్యమే. నల్లరేగడి నేల తడిస్తే కింద పెట్టిన చెక్కదిమ్మలు కుంగుతాయి, వీల్ ఒరుగుతుంది. పైగా కరెంట్ కోసం జనరేటర్. మధ్యలో ఆగితే కిందికి దించే ఏర్పాటు ఉండాలి.

హైదరాబాద్ నుమాయిష్ కథ కూడా ఇలాంటిదే. 1938లో మొదలైన ఈ ఎగ్జిబిషన్ మామూలుగా జనవరి 1 నుంచి 46 రోజులు నడుస్తుంది. వ్యాపారుల కోరిక మీద కొన్ని రోజులు పొడిగించడం కూడా మామూలే. స్టాల్‌ను మరో మూడు రోజులు తెరవడం సులువు. కానీ 46 రోజులుగా ఆగకుండా తిరిగిన రైడ్‌ను పొడిగించే ముందు మళ్లీ ఒకసారి చెక్ చేయాలి. పొడిగింపు అంటే డేట్ మార్చడం మాత్రమే కాదు.

చెక్ చేసేదెవరు?

రైడ్స్ భద్రతపై మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ప్రమాణాలు ఉన్నాయి. అంతర్జాతీయంగా ఐఎస్‌ఓ 17842 ఉంది. కానీ దేశమంతటికీ ఒకే రైడ్ భద్రతా చట్టం, ఒకే తనిఖీ సంస్థ అంటూ లేదు. పోలీసు, ఫైర్, విద్యుత్, మున్సిపల్ లేదా పంచాయతీ... ఇలా ఒక్కో శాఖ నుంచి ఒక్కో అనుమతి. 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్ అగ్నిప్రమాదంలో 27 మంది చనిపోయాక గుజరాత్ ప్రభుత్వం రైడ్స్, గేమింగ్ జోన్ల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

అమెరికాలోనూ పరిస్థితి పూర్తిగా చక్కగా లేదు. ఊరూరా తిరిగే రైడ్స్‌పై కేంద్ర సంస్థకు అధికారం ఉంది. ఒకేచోట ఉండే పార్కులను మాత్రం 1981 నుంచి రాష్ట్రాలకే వదిలేశారు.

అనుమతి కాగితం ఒక రోజు పరిస్థితిని చెబుతుంది. రైడ్ రోజూ తిరుగుతుంది. అందుకే రోజూ ఉదయం జనం రాకముందే ఖాళీ రైడ్ నడిపి చూడటం, చూసింది రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టడం... ఈ రెండే అన్నిటికంటే ముఖ్యం.

ఎక్కే ముందు ఇవి చూసుకోండి

- సీటు లాక్ పడ్డాక ఆపరేటర్ చేత్తో లాగి చెక్ చేస్తున్నాడా? చేయకపోతే మీరే అడగండి.
- ఎత్తు, వయసు, బరువు బోర్డు ఉందా? "పర్వాలేదులే" అని చిన్న పిల్లలను ఎక్కించొద్దు. లాక్ వాళ్ల శరీరానికి సరిపోదు.
- వింత శబ్దం, వదులుగా ఊగే సీటు, తాడుతోనో వైరుతోనో కట్టిన సేఫ్టీ బార్ కనిపిస్తే ఎక్కకండి. పక్కవాళ్లకూ చెప్పండి.
- జాతరల్లో అయితే వీల్ కింద నేల, దిమ్మలు, కంచె ఒకసారి చూడండి.
- గాలి, వాన, మెరుపులు మొదలైతే "ఇంకొక్క రౌండ్" అనొద్దు.
- రైడ్ మధ్యలో ఆగితే లాక్ తీసుకుని దిగే ప్రయత్నం చేయొద్దు. సిబ్బంది వచ్చేదాకా కూర్చోవడమే సేఫ్. ఎమర్జెన్సీ అయితే 112కు కాల్ చేయాలి.
- దూరం నుంచి వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే పార్కు వెబ్‌సైట్‌లోనో, ఫోన్‌లోనో ఏ రైడ్స్ ఆపేశారో కనుక్కోండి.

కాబట్టి ఈసారి "మెయింటెనెన్స్‌లో ఉంది" అనే బోర్డు కనిపిస్తే తిట్టుకోకండి. ఎప్పుడూ ఒక్క రైడ్ కూడా ఆపని పార్కు కనిపిస్తేనే, రిపేర్లు ఎప్పుడు చేస్తున్నారని అడగాలి.